‘మాడ్’ మాట ఒక్కటే, దారులు రెండు

ఇంటిలోని పిల్లవాడు సెల్‌ఫోనో కంప్యూటరో ముందు పెట్టుకుని “మాడ్ వేసుకుంటున్నాను” అన్నప్పుడు, ఆ మాటకు అర్థమేమిటో వివరించగల పెద్దలు మన సరిహద్దు గ్రామాలలో అరుదు. బళ్లారి వైపు కన్నడ బడిలో చదివే పిల్లలు, హోసూరు వైపు తమిళ బడిలో చదివే పిల్లలు, రాయగడ వైపు ఒడియా, సిరోంచ వైపు మరాఠీ నేర్చే పిల్లలు, యానాం పిల్లలు అందరూ ఈ మాటను ఒకే తీరున పలుకుతున్నారు. విన్న పెద్దలలో కొందరు అదేదో కంప్యూటరు విద్య కాబోలునని ఊరుకుంటారు. మరికొందరు అది దొంగపని అని కేకలు వేసి ఫోను లాక్కుంటారు. విచిత్రమేమంటే ఈ ఇరువురి అభిప్రాయంలోనూ కొంత నిజమున్నది. నేడు ‘మాడ్’ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చెలామణి అవుతున్నాయి. ఒకటి పిల్లవాడిని ఆడేవాని స్థాయి నుండి చేసేవాని స్థాయికి చేర్చగలదు. రెండవది ఇంటివారి బ్యాంకు ఖాతా వరకు దొంగకు దారి చూపగలదు. రెండింటినీ ఒకే గాటన కట్టి నిషేధిస్తే మొదటిదాని మేలు పోతుంది. రెండింటినీ అనుమతిస్తే రెండవదాని కీడు వచ్చిపడుతుంది. వీటిని వేరుచేసి చూడటం ఎలాగో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అష్టాచెమ్మాకు ఎన్ని పద్ధతులు?

ఉన్న ఆటను మార్చుకుని ఆడటం మనకు కొత్త కాదు. అష్టాచెమ్మానే తీసుకుందాం. నాలుగు గవ్వలు, నేల మీద గీసిన గడులు, మనిషికి నాలుగు కాయలు. ఇంతవరకు అందరికీ ఒకటే. కాని ఒక ఊరిలో ఎదుటివారి కాయను ఒక్కదానినైనా చంపనిదే లోపలి గడులలోకి పోరాదంటారు. పక్క ఊరిలో ఆ నిబంధన ఉండదు. ఒక ఇంటిలో అష్టా పడినా చెమ్మా పడినా మరొకసారి గవ్వలు వేయనిస్తారు. మరొక ఇంటిలో అది వరుసగా మూడుసార్లు పడితే లెక్క చెల్లదంటారు. మన వామనగుంటలనే తమిళులు పల్లాంగుళి అని, కన్నడిగులు అళగుళి మణె అని పిలుస్తారు. చోటు మారిన కొద్దీ గింజల లెక్క, గెలుపు పద్ధతి కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. ఈ మార్పులు చేసినది ఏ రాజో, ఏ పండితుడో కాదు. ఆడినవారే చేశారు. ఒక పద్ధతి బాగుందనిపిస్తే పక్కవారికి నేర్పారు. కోడలై వచ్చిన పిల్ల పుట్టింటి పద్ధతిని అత్తవారింటికి తెచ్చింది.

కంప్యూటరు ఆటల తొలినాళ్లలో కూడా ఇదే జరిగింది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి ‘స్పేస్‌వార్’ అనే ఆటను రూపొందించారు. పీడీపీ-1 అనే కంప్యూటరు తెర మీద రెండు అంతరిక్ష నౌకలు ఒకదానినొకటి వెంటాడే ఆట అది. రస్సెల్ దానిని దాచిపెట్టుకోలేదు. పీటర్ సామ్‌సన్ అనే సహచరుడు వెనుక ఆకాశంలో నిజమైన నక్షత్రాల అమరికను చేర్చాడు. డాన్ ఎడ్వర్డ్స్ మధ్యలోని నక్షత్రానికి ఆకర్షణ శక్తిని కల్పించాడు. అంటే వీడియో ఆటల తొలినాళ్ల నుండే ఒకరు చేసినదానికి మరొకరు మెరుగులు దిద్దడం ఉన్నది.

అసలు మాడ్ అంటే ఏమిటి?

‘మాడిఫికేషన్’ అన్న ఆంగ్ల పదానికి సంక్షిప్త రూపమే మాడ్. మార్పు అని అర్థం. ఒక ఆటకు దాని యజమానులు కాక, ఆడేవారు చేసి చేర్చిన మార్పును మాడ్ అంటారు.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే తోలుబొమ్మలాటను తలచుకుంటే చాలును. తెర, దాని వెనుక దీపం, ఆడించే పుల్లలు, మేళం ఇవి ప్రతి రాత్రి అవే. బొమ్మలు, కథ మాత్రం మారుతుంటాయి. ఈ రాత్రి లంకాదహనం అయితే రేపు కీచకవధ. వీడియో ఆటలో కూడా ఇట్లే రెండు భాగాలుంటాయి. తెర మీద బొమ్మను గీయడం, కదిలించడం, శబ్దం వినిపించడం, ఏది దేనికి తగిలిందో లెక్కించడం వంటి పనులు చేసే భాగాన్ని ఇంజన్ అంటారు. మనుషుల రూపాలు, గోడలు, చెట్లు, ఆయుధాలు, మాటలు వేరే ఫైళ్లలో ఉంటాయి. ఈ రెండవ భాగాన్ని విడిగా ఉంచి, దాని అమరిక ఎట్టిదో ఇతరులకు తెలియనిస్తే, ఇంజన్ జోలికి పోకుండానే ఎవరైనా కొత్త కథను ఎక్కించవచ్చును.

ఈ విభజనను బుద్ధిపూర్వకంగా చేసి చూపిన ఆట ‘డూమ్’. ఐడీ సాఫ్ట్‌వేర్ అనే అమెరికా సంస్థ 1993 డిసెంబరు 10న దీనిని విడుదల చేసింది. ప్రోగ్రాములు రాసిన జాన్ కార్మాక్, ఆటలోని దృశ్యాలు, శబ్దాలు, అంచెలు అన్నింటినీ ‘వాడ్’ అనే ప్రత్యేక ఫైళ్లలో ఉంచాడు. కొద్ది నెలలలోనే, అంటే 1994 తొలినాళ్లలోనే, కొత్త అంచెలను తయారుచేసే పనిముట్లను ఆటగాళ్లే రాసి ఉచితంగా పంచారు. సంస్థ వారిని అడ్డుకోలేదు. కాని ఒక షరతు కోరింది. ఈ చేర్పులు ఉచితంగా దొరికే నమూనా ఆటలో కాక, డబ్బు పెట్టి కొన్న పూర్తి ఆటలోనే పనిచేయాలన్నది. న్యాయమైన షరతే. ఇల్లు కట్టినవాడు అరుగు మీద కూర్చోనిస్తాడు గాని, గోడ తీసుకుపోతానంటే ఊరుకోడు కదా. 1997లో ఐడీ సంస్థ డూమ్ ప్రోగ్రామును కూడా బహిరంగపరచింది. ముప్పై ఏళ్లు దాటినా దానికి కొత్త అంచెలు చేసేవారు నేటికీ ఉన్నారు.

మన పిల్లలు ఆడే ఆట పూర్వోత్తరాలు

ఇదంతా ఎక్కడో అమెరికా విషయమనుకోనక్కరలేదు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర నలుగురు కుర్రవాళ్లు తలవంచుకుని ఆడుతుండే ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ కూడా ఒక మాడ్ వంశంలోనిదే. ఆ వంశక్రమాన్ని చూద్దాం.

చెకియా దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ అనే సంస్థ 2009లో ‘ఆర్మా 2’ అనే సైనిక ఆటను విడుదల చేసింది. దానికి మార్పులు చేసుకునే వెసులుబాటు ఇచ్చింది. న్యూజిలాండ్ సైన్యంలో పనిచేసి వచ్చిన డీన్ హాల్ 2012లో దానిని ఆధారం చేసుకుని ‘డేజీ’ అనే మాడ్ చేశాడు. తిండి, నీరు వెతుక్కుంటూ, శవాల వలె తిరిగే జీవుల నడుమ ప్రాణం నిలుపుకోవడం అందులోని ఆట. డేజీ ఆడాలంటే ఆర్మా 2 కొని ఉండాలి. అందువలన మూడేళ్ల పాతదైన ఆర్మా 2 అమ్మకాలు మళ్లీ పుంజుకున్నాయి. ఆడేవాడు చేసిన చేర్పు అసలు యజమానికి కూడా లాభమే తెచ్చిందన్నమాట.

డేజీని ఆడినవారిలో బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ దేశస్థుడు ఒకడు. ఆయన వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాడు కాదు. వెబ్‌సైట్ల రూపకల్పన, ఫొటోగ్రఫీ ఆయన వృత్తులు. ఇతరులు రాసిపెట్టిన పాఠాలు, ఇతరులు చేసిన మాడ్‌లు చూసి పని నేర్చుకున్నాడు. చాలామంది ఒకే చోట దిగి, చివరకు ఒక్కరే మిగిలే పోటీని 2013లో డేజీ మీద మరో మాడ్‌గా చేశాడు. ‘బ్యాటిల్ రాయల్’ అన్న పేరుతో వచ్చిన జపాన్ సినిమా తనకు ప్రేరణ అని ఆయన చెప్పాడు. అంటే ఇది మాడ్ మీద మాడ్. ఆటలో ఆయన పెట్టుకున్న మారుపేరు ‘ప్లేయర్ అన్‌నోన్’. 2016లో దక్షిణ కొరియాకు చెందిన బ్లూహోల్ సంస్థ ఆయనను పిలిచి పని అప్పగించింది. 2017లో వెలువడిన ఆ ఆటకు ఆయన మారుపేరే పెట్టారు. అదే పబ్‌జీ. 2018లో దాని మొబైల్ రూపం వచ్చింది. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అది కూడా ఉన్నది. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ భారతదేశం కోసం వేరే పేరుతో తెచ్చిన ఆటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. 2022 జులైలో అది కూడా నిలిచిపోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది.

ఇటువంటి వంశాలు మరికొన్ని ఉన్నాయి. 1998లో వచ్చిన ‘హాఫ్-లైఫ్’ ఆటకు కెనడా విద్యార్థి మిన్ లే, అమెరికాకు చెందిన జెస్ క్లిఫ్ కలిసి 1999లో చేసిన మాడ్ ‘కౌంటర్ స్ట్రైక్’. హాఫ్-లైఫ్ యజమాని అయిన వాల్వ్ సంస్థ దానిని కొని 2000లో స్వంత ఆటగా విడుదల చేసింది. మన పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి కుర్రకారు ఆడినది ఆ ఆటనే.

ఈ కథలలో గమనించవలసినది ఒకటున్నది. ఎవరూ పునాది నుండి మొదలుపెట్టలేదు. ఎవరో తెరిచి ఉంచిన తలుపు, మరెవరో రాసిపెట్టిన పాఠం, ఇంకెవరో ఇచ్చిన సలహా వారికి ఆధారమయ్యాయి.

నేర్పే చేతులు, చెప్పే నోళ్లు

మాడ్ చేసినవాని పేరు పది మందికి తెలుస్తుంది. దానిని ఎలా ఎక్కించుకోవాలో, ఎక్కడ చిక్కు వస్తుందో ఓపికగా రాసినవాని పేరు ఎవరికీ గుర్తుండదు. కాని వాడు లేకపోతే ఈ విద్య ఒక్క తరం కూడా సాగదు. ట్యుటోరియల్ అనే ఈ పాఠాలలో మంచిదేదో చెప్పడం సులభమే. అది ఏ ఆటకు, ఏ వెర్షన్‌కు వర్తిస్తుందో ముందే చెబుతుంది. మొదలుపెట్టే ముందు పాత ఫైళ్లకు నకలు తీసి దాచుకోమంటుంది. ఒక్కొక్క మెట్టుగా నడిపిస్తుంది. ఏదైనా చెడితే వెనుకకు ఎలా రావాలో చెబుతుంది. పచ్చడి పట్టే విధానం చెప్పే అమ్మమ్మ కూడా అంతే చేస్తుంది. కాయ ఏ రకానిది కావాలో, తడి తగిలితే ఏమవుతుందో చెప్పకుండా ఉప్పు కొలత మాత్రమే చెప్పి వదలదు.

అభిప్రాయం చెప్పడం కూడా ఒక విద్యే. కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణంలో 2013 నుండి ఆటగాళ్లే సమీక్షలు రాస్తున్నారు. రాసినవారు ఆ ఆటను ఎన్ని గంటలు ఆడారో పక్కనే కనిపిస్తుంది. అరగంట ఆడి “చెత్త” అన్నవాని మాటకు, వంద గంటలు ఆడి లోపాలు ఇవీ అని వివరించినవాని మాటకు ఎంత తేడా ఉన్నదో చదివేవాడు తానే తేల్చుకోవచ్చును. ‘నో మ్యాన్స్ స్కై’ అనే ఆట 2016 ఆగస్టులో వచ్చినప్పుడు, చెప్పినవి అందులో లేవని కొన్నవారు తీవ్రంగా విమర్శించారు. తయారుచేసిన చిన్న బృందం వాదనకు దిగక, ఏళ్ల తరబడి ఉచితంగా మెరుగులు చేర్చుతూ వచ్చింది. తిట్టినవారిలోనే అనేకులు తరువాత మెచ్చుకున్నారు.

మంచి విమర్శ, మంచి చేర్పు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణ ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’. చరిత్రలోని రాజ్యాల మధ్య యుద్ధాలను చూపే ఈ ఆట 1999లో వచ్చింది. అందులో భారతీయులు లేరు. అభిమానుల బృందం ఒకటి ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అనే మాడ్ చేసి భారతీయులను చేర్చింది. 2013లో ఆ మాడ్‌నే యజమానులు అధికారికంగా విడుదల చేశారు. అయితే ఇంత పెద్ద దేశాన్ని ఒకే జట్టుగా చూపడమేమిటని ఆటగాళ్లు ప్రశ్నించారు. 2022లో వచ్చిన అనుబంధంలో హిందుస్థానీలు, బెంగాలీలు, ద్రావిడులు, గుర్జరులు వేర్వేరు జట్లయ్యారు. మన రాజరాజ నరేంద్రునికి పిల్లనిచ్చిన రాజేంద్ర చోళుని దండయాత్రలు అందులో ఒక కథగా చేరాయి. మాడ్ చేసిన ఆ అభిమానుల బృందం తరువాత సంస్థగా ఏర్పడి ఆ ఆట మీదనే పనిచేస్తున్నది.

రెండు భాషల నడుమ బ్రతికే మన వంటివారికి మరో ఉదాహరణ ఆసక్తికరంగా ఉంటుంది. నింటెండో సంస్థ 2006లో జపాన్‌లో విడుదల చేసిన ‘మదర్ 3’ అనే ఆట ఆంగ్లంలో రాలేదు. వృత్తిరీత్యా అనువాదకుడైన క్లైడ్ మాండెలిన్, ఆయన మిత్రులు కలిసి ఆ ఆటలోని సంభాషణలన్నింటినీ ఆంగ్లంలోకి అనువదించి 2008 అక్టోబరులో ఉచితంగా ఇచ్చారు. వారు పంచినది ఆటను కాదు. ఏ మాట బదులు ఏ మాట రావాలో తెలిపే మార్పు ఫైలును మాత్రమే పంచారు. ఆటను మాత్రం స్వయంగా సంపాదించుకోండి అన్నారు. ఒకరి సొత్తును తాకకుండా, తమ శ్రమను మాత్రమే దానం చేయడం అంటే ఇదే. నిజమైన మాడ్‌ను గుర్తించడానికి ఇంతకు మించిన గీటురాయి లేదు.

రెండవ ముఖం: మాడ్ ఏపీకే

ఇక అసలు ప్రమాదానికి వద్దాం. మన గ్రామాల పిల్లలలో ఎక్కువమంది చేతిలో ఉన్నది కంప్యూటరు కాదు, తల్లిదో తండ్రిదో ఆండ్రాయిడ్ ఫోను. అందులో ‘మాడ్’ అని వెదికితే పైన చెప్పిన చేర్పుల కన్న ముందు కనిపించేవి ‘మాడ్ ఏపీకే’లు. ఆండ్రాయిడ్ యాప్‌ను మోసుకువచ్చే ఫైలు పేరు ఏపీకే. డబ్బు కట్టవలసిన ఆటను ఉచితంగా ఇస్తామని, నాణేలు, యూసీలు లెక్కలేనన్ని వస్తాయని, ఎదుటివాడు గోడ వెనుక ఉన్నా కనిపిస్తాడని ఇవి ఊరిస్తాయి.

ఇందులోని మోసం అర్థం కావాలంటే మూడు విషయాలు తెలిస్తే చాలును.

మొదటిది ముద్ర. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కూ దానిని తయారుచేసినవారి ఎలక్ట్రానిక్ సంతకం ఉంటుంది. యాప్‌లో ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు. మార్చినవాడు తన సంతకం పెట్టి మళ్లీ మూట కట్టవలసిందే. అందుచేత మాడ్ ఏపీకే మీద అసలు సంస్థ అప్‌డేట్ ఎక్కదు. రిజిస్ట్రారు ముద్ర చెరిపి, మరెవరో ముద్ర వేసిన దస్తావేజు వంటిది అది. ఆ కొత్త ముద్ర ఎవరిదో మనకు తెలియదు.

రెండవది లెక్క పుస్తకం. పది మంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటలో మీ నాణేల లెక్క మీ ఫోనులో ఉండదు. సంస్థ సర్వర్‌లో ఉంటుంది. ఫోను తెర మీద అంకె మార్చినంత మాత్రాన సర్వర్‌లో మారదు. పాసుబుక్కులో పెన్నుతో ఒక సున్న చేర్చుకున్నంత మాత్రాన బ్యాంకులో మన నిల్వ పెరగదు కదా. కనుక ఆన్‌లైన్ ఆటకు లెక్కలేనన్ని నాణేలు ఇస్తామనే మాట అబద్ధం. దొంగ యాప్ వాడినట్టు తెలిసిన ఖాతాను సంస్థ మూసివేస్తుంది కూడా.

మూడవది అనుమతులు. యాప్ ఎక్కించేటప్పుడు ఫోను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వాలా, తెర మీద జరిగేదంతా చూడనివ్వాలా అని. ఆడుకునే ఆటకు ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి? బ్యాంకు పంపే ఓటీపీ వచ్చేది అక్కడికే. ‘యాక్సెసిబిలిటీ’ అనే అనుమతి చూపు లేనివారికి, చేతులు సరిగా పనిచేయనివారికి తోడ్పడటానికి ఉద్దేశించినది. దానిని దొంగ యాప్‌కు ఇస్తే, తెర మీది అక్షరాలను అది చదవగలదు, మన బదులు తానే మీటలు నొక్కగలదు. ధాన్యం డబ్బో, పింఛనో, గ్యాస్ రాయితీయో జమ అయ్యే ఖాతా, పిల్లవాడు ఆడే ఆట ఒకే ఫోనులో ఉన్న ఇళ్లు మనవి. పట్టణాల వారి కన్న మనం ఎక్కువ జాగ్రత్త పడవలసిన కారణం ఇదే.

మంచి మాడ్‌లు దొరికే చోట కూడా అజాగ్రత్త పనికిరాదు. 2023 జూన్‌లో ‘మైన్‌క్రాఫ్ట్’ మాడ్‌లు పంచే పేరున్న వెబ్‌సైట్లలోనే కొందరు రచయితల ఖాతాలను కాజేసి, వారి మాడ్‌లలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామును కలిపారు. దానిని కనిపెట్టి, తొలగించే పద్ధతిని రాసి, ప్రపంచానికి హెచ్చరిక చేసినవారిలో సాధారణ ఆటగాళ్లే ముందున్నారు. ఊరికి దొంగలు రావచ్చును. కాని దొంగ వచ్చాడని దండోరా వేయించే ఊరు వేరు, దొంగలే కట్టుకున్న ఊరు వేరు.

ఎవరి సొత్తు, ఎవరి శ్రమ?

మాడ్ చేయడం చట్టబద్ధమేనా అని కొందరు అడుగుతుంటారు. ఆట మీద హక్కు దాని సంస్థదే. మార్పులు చేయనివ్వాలా వద్దా, చేస్తే ఎంతవరకు అన్నది వారి అనుమతి నియమాలలో ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ సంస్థ మాడ్‌లు చేసి పంచుకోవచ్చునంటుంది. మార్చిన ఆటను మొత్తంగా పంచరాదంటుంది. ‘వార్‌క్రాఫ్ట్ 3’ ఆట మీద ఆటగాడొకడు 2003లో మొదలుపెట్టిన ‘డోటా’ ఆ తరువాత కోట్ల రూపాయల పోటీలకు కారణమైంది. లాభం మాత్రం ఎక్కువగా ఇతర సంస్థలకు దక్కింది. అందుకే కాబోలు 2020లో వార్‌క్రాఫ్ట్ 3 కొత్త రూపం వచ్చినప్పుడు, ఆటగాళ్లు చేసే చేర్పులన్నీ తమవేనని బ్లిజార్డ్ సంస్థ నియమం పెట్టింది. ఆటగాళ్లకు అది నచ్చలేదు. 2015 ఏప్రిల్‌లో ‘స్కైరిమ్’ ఆట మాడ్‌లను స్టీమ్ దుకాణంలో డబ్బుకు అమ్మే ఏర్పాటు చేస్తే, చేసినవానికి దక్కేది నాలుగింట ఒక వంతేనని, ఒకరి పనిని మరొకరు అమ్ముకుంటారని గొడవ లేచింది. కొద్ది రోజులకే ఆ ఏర్పాటు రద్దయింది. శ్రమకు విలువ ఎలా కట్టాలన్న ఈ తగవు ఇంకా తీరలేదు. పిల్లలు ఈ రంగంలోకి వెళ్లదలిస్తే అనుమతి నియమాలు చదవడం కూడా నేర్చుకోవలసిందే.

ఆట పేరున డబ్బు పందెం కాసే యాప్‌లు మరో జాతి. మాడ్‌కు, వాటికి సంబంధం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం నగదు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే ఆటలను వాటి నుండి వేరు చేసింది.

ఇంటిలో అడగవలసినవి

పిల్లవాడు మాడ్ అన్నప్పుడు కోప్పడక ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఆంగ్లం రాకపోయినా ఇవి అడగవచ్చును.

1. దీనిని ఎవరు చేశారు? మంచి మాడ్‌కు చేసినవాని పేరు, తేదీ, చేసిన మార్పుల పట్టిక ఉంటాయి.

2. అసలు ఆట ఎక్కడి నుండి వచ్చింది? మాడ్ అసలు ఆటను కోరుతుంది. ఆట మొత్తాన్నే మార్చి ఉచితంగా ఇస్తామంటే అది దొంగసొత్తు.

3. ఫోనును ఏమి అడుగుతున్నది? ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ అడిగితే వద్దనండి. ప్లే స్టోర్ బయటి నుండి, తెలియనివారు పంపిన ఏపీకే ఫైళ్లను ఎక్కించనివ్వకండి.

4. గెలుపును అమ్ముతున్నదా, పనిని నేర్పుతున్నదా? కష్టపడకుండా గెలిపిస్తానన్నది ఏదైనా అనుమానించదగినదే.

5. ఎలా చేశావో నాకు తెలుగులో చెప్పగలవా? ఇది అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న. ఎక్కించినది మంచి మాడ్ అయితే ఏ ఫైలు ఎక్కడ పెట్టాడో, ఏది ఎందుకు మారిందో పిల్లవాడు చెప్పగలడు. మాడ్ ఏపీకే అయితే నొక్కాను, వచ్చింది అనడం తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు.

పొరపాటున అటువంటి యాప్ ఎక్కితే భయపడి దాచవద్దని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. వెంటనే ఫోనుకు ఇంటర్నెట్ ఆపి, యాప్‌ను తొలగించాలి. వేరొక ఫోను నుండి పాస్‌వర్డ్‌లు మార్చాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే బ్యాంకుకు, 1930 నంబరుకు ఆలస్యం చేయకుండా తెలపాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపగల అవకాశం అంత ఎక్కువ.

మార్చడం నేర్వాలన్న ఉత్సాహం ఉన్న పిల్లలకు నిర్భయమైన తావులు ఉన్నాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ వారు 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’ ఉచితం. అందులో ఒకరి ఆటను తెరిచి, లోపల ఎలా చేశారో చూసి, మార్చి, అసలు రచయిత పేరుతో సహా పంచుకోవచ్చును. ‘మైన్‌టెస్ట్’ అన్న పేరుతో వచ్చి, 2024లో ‘లువాంటీ’గా పేరు మార్చుకున్న ఇటుకల ఆట కూడా ఉచితమే. దానిని మార్చుకునే హక్కును కూడా తయారుచేసినవారే రాసి ఇచ్చారు. బడిలోని సాధారణ కంప్యూటరు వీటికి సరిపోతుంది.

మరొక మాట. మన పిల్లలు బడిలో ఒక భాష, ఇంటిలో తెలుగు, తెర మీద ఆంగ్లం, వీడియోలో హిందీ వింటూ పెరుగుతున్నారు. తెలుగు చెవికి అందుతున్నదే గాని చాలామందికి చేతికి అందడం లేదు. ఒక మాడ్‌ను ఎక్కించే విధానాన్ని పది వాక్యాలలో తెలుగులో రాయమనండి. వరుస తప్పకుండా, చదివిన తమ్ముడు చేసి చూపగలిగేటంత స్పష్టంగా రాయాలి. మూల ఆట ఎవరిదో, మాడ్ ఎవరిదో మొదటి వాక్యంలోనే చెప్పాలి. అలా రాయగలిగిన పిల్లవాడికి మంచి మాడ్ ఏదో, మాయ మాడ్ ఏదో మనం వేరే చెప్పవలసిన పని ఉండదు.